ప్రోగ్రాం నుంచి టెర్మినల్‌లో రంగు అక్షరాలు ఎలా వస్తాయి?

అక్షరాలకు రంగు వేసేది ప్రోగ్రాం కాదు, ప్రోగ్రాం పంపిన ఎస్కేప్ సంకేతాన్ని చదివి టెర్మినలే, అంటే ఆజ్ఞలు టైపు చేసి ఫలితాలు చూసే విండోయే, ఆ పని చేస్తుంది. అక్షరాలకు సంఖ్యలిచ్చే ఆస్కీ పట్టికలో 27 సంఖ్య గల ఎస్కేప్ అక్షరం, ఎడమ చదరపు బ్రాకెట్, రంగు సంఖ్య, చివర చిన్న ఎమ్ అక్షరం వరుసగా వస్తే, టెర్మినల్ వాటిని తెరపై చూపకుండా ఆజ్ఞగా స్వీకరిస్తుంది. అక్షరాల రంగులకు 30 నుంచి 37 వరకు సంఖ్యలున్నాయి. ఉదాహరణకు తిరుపతి బస్సుల వేళలు చూపే ప్రోగ్రాంలో “చిత్తూరు బస్సు రద్దయింది” అన్న వాక్యానికి ముందు 31తో ఈ సంకేతం పంపితే అది ఎర్రగా కనిపిస్తుంది. వాక్యం ముగియగానే 0తో మరొకటి పంపాలి, ఇది మరచిపోతే తరువాతి వరుసలు కూడా ఎర్రగానే కొనసాగుతాయి. రంగు అనేది పైథాన్‌కో సీ భాషకో చెందిన సౌకర్యమని చాలామంది పొరపడతారు, కానీ ఇదే ఫలితాన్ని ఫైలులోకి మళ్లిస్తే అందులో రంగు ఉండదు, ఆ సంకేతాలే వాక్యానికి ముందూ వెనకా మిగిలిపోతాయి.