తెల్లటి వెలుగు, చాలినంత వెలుగు ఒకటి కాదు

ప్రశ్న: నా కారుకు తయారైనప్పటి నుంచే జినాన్ (ఫిలమెంట్ లేకుండా, వాయువులో పుట్టే మెరుపుతో వెలిగే) హెడ్‌లైట్లు ఉన్నాయి. ఈ మధ్య ఎడమ లైటు గులాబీ రంగులోకి తిరిగింది. కాసేపు వెలిగి ఆరిపోతోంది, స్విచ్ ఆపి వేస్తే మళ్లీ వెలుగుతోంది. కొత్త బల్బు కొందామంటే డి1ఎస్, డి2ఎస్, డి2ఆర్ అని రకాలు, 4300, 6000, 8000 అని అంకెలు. తెల్లగా మెరిసిపోవాలంటే 8000 వేయించమని స్నేహితుడు అంటున్నాడు. ఏది తీసుకోమంటారు? ఒక్కటి మారిస్తే సరిపోతుందా?

జవాబు: 8000 మాత్రం వద్దండీ. చాలా ఏళ్లుగా హెడ్‌లైట్ల పనిలోనే ఉన్నాను, ఆ ముచ్చట నేనూ తీర్చుకున్నాను. గోడ మీద వేసి చూస్తే నీలంగా భలే ఉంది. ఆ వారమే రాత్రి వానలో వెళ్లాల్సి వచ్చింది. తడిసిన తారు వెలుగునంతా మింగేసినట్టయింది. రోడ్డు అంచున తెల్లగీత ఎక్కడుందో తెలియక కిటికీ దించి, తల బయటపెట్టి నడిపాను. మర్నాడు పొద్దున్నే వాటిని పీకేశాను.

ఆ అంకెలు కెల్విన్లు. అవి వెలుగు ఎంతో చెప్పవు, రంగు ఏమిటో చెబుతాయి. కెల్విన్ పెరిగేకొద్దీ వెలుగు నీలానికి జరుగుతుంది, రోడ్డు మీద పడేది తగ్గుతుంది. కార్ల కంపెనీలు మామూలుగా బిగించేది 4300 ప్రాంతంలోదే. 35 వాట్ల డి2ఎస్ బల్బు దాదాపు 3200 ల్యూమెన్లు (వెలుగు ఎంతో చెప్పే కొలత) ఇస్తుంది. 55 వాట్ల హెచ్7 హాలోజెన్, అంటే ఫిలమెంట్ ఉన్న బల్బు, ఇచ్చేది దాదాపు 1500. తక్కువ కరెంటుతో రెట్టింపు వెలుగు వస్తుంటే, నీలం మోజులో దాన్ని పోగొట్టుకోవడం ఎందుకు?

ఇక అక్షరాల సంగతి. పాత బల్బు తీసి దాని మొదట్లో ఏమి రాసి ఉందో చూసి, అదే కొనండి. చివర ఎస్ ఉంటే ప్రొజెక్టర్ లైటుకు (బల్బు ముందు గుండ్రటి కటకం ఉండేది), ఆర్ ఉంటే రిఫ్లెక్టర్ లైటుకు (బల్బు వెనక మెరిసే గిన్నె ఉండేది). ఆర్ బల్బు గాజు మీద నల్లటి పట్టీలు పూసి ఉంటాయి. ఎదుటివాళ్ల కళ్లలోకి పోయే వెలుగును ఆపడానికే అవి, మరకలనుకుని గీకకండి. డి1, డి3 రకాల్లో వెలిగించే పెట్టె బల్బుకే అతుక్కుని వస్తుంది. డి2, డి4లకు అది విడిగా ఉంటుంది. డి3, డి4లలో పాదరసం ఉండదు, అవి 42 వోల్టుల మీద నడుస్తాయి. డి1, డి2లు 85 మీద. అందుకే ఒకదాని బదులు ఇంకొకటి పెట్టడం కుదరదు. వలయంలో ఇంగ్లీషు 'E' అక్షరం, దాని పక్కన అంకె ముద్ర ఉన్నదే తీసుకోండి.

మీరు చెప్పిన గులాబీ రంగు, వెలిగి ఆరిపోవడం చూస్తే బల్బు ముసలిదైనట్టే ఉంది. కానీ కొనేముందు ఒక పరీక్ష చేయించండి. ఎడమ బల్బు కుడికి, కుడిది ఎడమకు మార్చాలి. జబ్బు బల్బుతో పాటు కుడికి వెళ్తే బల్బు పోయింది. ఎడమనే ఉండిపోతే బ్యాలస్టునో (బల్బుకు కావలసిన కరెంటును అదుపుచేసి ఇచ్చే పెట్టె) వైర్లనో చూడాలి. ఈ చిన్న పని చేయక, బాగున్న బల్బులు పారేసినవాళ్లను ఎందరినో చూశాను.

రెండూ కలిపే మార్చండి. వాడకంలో రంగు మారుతూ వస్తుంది కాబట్టి కొత్తది ఒకటే పెడితే రెండు కళ్లు రెండు రంగుల్లో ఉంటాయి, పైగా రెండోది వెనకాలే పోతుంది. ఈ పనికి మాత్రం తెలిసినవాళ్ల దగ్గరికే వెళ్లండి. వెలిగే క్షణంలో 20,000 వోల్టులకు పైగా వస్తుంది. స్విచ్ ఆపి, బ్యాటరీ వైరు తీసి, బల్బు చల్లారాకే చెయ్యి పెట్టాలి. గాజును వేళ్లతో తాకకూడదు.

ప్రశ్న: నా కారుకు హెచ్4 హాలోజెన్ బల్బులు. వెలుగు చాలడం లేదు. జినాన్ కిట్ వేయించుకోవచ్చా?

జవాబు: దయచేసి వద్దు. హెచ్4లో లో బీమ్ (కిందికి దించిన వెలుగు) ఫిలమెంట్ కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. కింది సగానికి పోయే వెలుగును అది ఆపబట్టే ఎదుటివాళ్లకు కళ్లు చెదరవు. మీ లైటు గిన్నె ఆ ఫిలమెంట్ ఉన్న చోటును బట్టి మలిచింది. అక్కడ జినాన్ మెరుపు పెడితే వెలుగు చెల్లాచెదురవుతుంది. ఎదురుగా స్కూటర్ మీద వచ్చే మనిషికి ఆ క్షణాన రోడ్డే కనపడదు. ఎన్నో దేశాల్లో చట్టం కూడా ఒప్పుకోదు. అట్ట మీద జినాన్ అని రాసి నీలం పూత పూసిన హాలోజెన్ బల్బులూ దొరుకుతాయి. అవి జినాన్ లైట్లు కావు, ఆ పూత కొంత వెలుగును తినేస్తుంది కూడా.

ముందు లైటు అద్దం పసుపెక్కిందేమో చూసి పాలిష్ చేయించండి. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు వేసి, బల్బు హోల్డర్ దగ్గరా బ్యాటరీ దగ్గరా వోల్టేజీ కొలిపించండి. తేడా ఒక వోల్టుకు మించితే లోపం వైర్లలోనే ఉంది. విడిగా రిలే (బ్యాటరీ నుంచి కరెంటును నేరుగా లైట్లకు పంపే స్విచ్), లావు వైరు వేయిస్తే ఆ బల్బులే ఎంత మారతాయో మీరే చూస్తారు.