వైరస్ ఉందని ఫోన్‌లో చెప్పేవాళ్ల మోసాన్ని ఎలా గుర్తించాలి?

భయపెట్టేవాడూ, తడబడుతూ మాట్లాడేవాడూ మోసగాడని చాలామంది చెబుతారు గానీ, నేను ఒప్పుకోను. రాజమండ్రిలో కంప్యూటర్ల మరమ్మతు దుకాణం నడుపుతున్న నేను చూసినంతలో, వీళ్లు ఎంతో మర్యాదగా మాట్లాడతారు, పైగా రుజువు కూడా చూపిస్తారు. ఆ రుజువు దగ్గరే జనం పడిపోతారు.

మా వీధిలోని విశ్రాంత ప్రధానోపాధ్యాయులొకరు ల్యాప్‌టాప్‌లో ఏదో వెతుకుతుండగా తెరంతా ఎర్రబడి, సైరన్ మోగి, మైక్రోసాఫ్ట్ పేరిట ఒక ఫోన్ నంబరు కనిపించింది. ఆయన ఫోన్ చేస్తే, అవతలి వ్యక్తి “నా మాట నమ్మకండి సార్, మీరే చూసుకోండి” అంటూ విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ (కంప్యూటర్‌లో జరిగేవాటి చిట్టా) తెరిపించాడు. అందులో పసుపు త్రికోణాలు, ఎర్ర గుర్తులు బారులు తీరి ఉన్నాయి. వారి అమ్మాయి కబురు చేస్తే నేను వెళ్లేసరికి, దూరం నుంచే మన కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ అనే యాప్ డౌన్‌లోడ్ అవుతోంది. ఫోన్ పెట్టేయమంటే, “ఉండవయ్యా, కళ్లెదుట కనిపిస్తుంటే!” అని నన్నే కసిరారు. దుకాణం నుంచి నా ల్యాప్‌టాప్ తెచ్చి, అందులో అంతకన్నా ఎక్కువ ఎర్ర గుర్తులు చూపించాక గానీ ఆయన ఫోన్ పెట్టలేదు. తెర వెనుక నడిచే ఏదైనా సర్వీసు ఆలస్యంగా మొదలైనా అక్కడ నమోదవుతుంది కాబట్టి, చక్కగా పనిచేసే కంప్యూటర్‌లోనూ అవి కుప్పలుగా ఉంటాయి.

మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. ఆ ఎర్ర తెర ఒట్టి వెబ్ పేజీ. ఎస్కేప్ మీటను కాసేపు నొక్కిపట్టి బ్రౌజర్‌ను మూసేస్తే పోతుంది, మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలను రప్పించకుండా ఉంటే చాలు. ఎనీడెస్క్ చెడ్డదేమీ కాదు, నేనూ రోజూ వాడతాను; కానీ అందులోని కోడ్ చెప్పి అనుమతి నొక్కితే మీ తెర అవతలివాడి చేతిలో ఉంటుంది, ఫోన్‌లోనైతే ఓటీపీ కూడా కనిపిస్తుంది. రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే దీనిపై బ్యాంకులను హెచ్చరించింది.

తప్పంతా పెద్దవాళ్లదేనంటే నాకు ఒళ్లు మండుతుంది. కంపెనీలు కస్టమర్ కేర్ నంబరును వెబ్‌సైట్‌లో ఏ మూలనో దాచిపెడితే, జనం గూగుల్‌లో వెతికి, ముందు కనిపించిన నకిలీ నంబరుకు చేయక ఏం చేస్తారు?

ఇప్పటికే అనుమతి ఇచ్చి ఉంటే వెంటనే నెట్ ఆపి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకూ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పండి. డబ్బు మోసగాడి ఖాతా దాటకముందే ఫిర్యాదు అందితే దాన్ని నిలిపివేసే వీలుంటుంది.