పాఠకుల ప్రశ్నలు: సమురాయ్ వంశాలకు వారసులెవరు?

ప్రశ్న: మా అబ్బాయి ఆడే వీడియో గేముల్లోనూ, ఇంట్లో అందరం కలిసి చూసిన ‘షోగన్’ సీరీస్‌లోనూ సమురాయ్ వంశాల ప్రస్తావన అడుగడుగునా వస్తోంది. ఆ వంశాలు రక్తసంబంధంతోనే సాగాయా? ప్రభువు కోసం ప్రాణమిచ్చారే తప్ప పక్షం మారలేదన్నట్టు చూపిస్తారు. అది ఎంతవరకు నిజం?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: రక్తసంబంధానికి విలువ ఉండేది కాని, జపాన్ యోధవర్గమైన సమురాయ్‌లు అన్నిటికన్నా మిన్నగా కాపాడుకున్నది ఇంటిని, అంటే దాని పేరును, భూమిని, పూర్వికుల ఆరాధనను, దానిని నమ్ముకున్న పరివారాన్ని. వీటిని మోయగల కొడుకు లేనప్పుడు దత్తత తెచ్చుకునేవారు. మన సంస్థానాల్లోనూ దత్తపుత్రులు గద్దె ఎక్కారు కనుక ఇది మనకు వింత కాదు. అయితే జపాన్‌లో యుక్తవయసు దాటిన యోధుడిని దత్తత తీసుకోవడం, ఇల్లరికం వచ్చిన అల్లుడికి ఇంటిపేరు కూడా ఇచ్చి వారసుణ్ణి చేయడం మామూలు విషయాలు.

ఉయెసుగి వంశాన్నే చూడండి. ప్రత్యర్థి ప్రభువు టకేడా షింగెన్‌తో కవనకాజిమా మైదానంలో పలుమార్లు తలపడిన ఉయెసుగి కెన్షిన్ పుట్టింది నగావో ఇంట. ఆశ్రయం కోరి వచ్చిన ఉయెసుగి పెద్ద తన ఇంటిపేరును, పదవిని అతనికి అప్పగించగా, 1561లో అతడు ఉయెసుగి అయ్యాడు. కెన్షిన్ పెళ్ళి చేసుకోలేదు. 1578లో అతడు మరణించగానే ఇద్దరు దత్తపుత్రులు, సోదరి కొడుకైన కగెకాత్సు, హోజో వంశం నుంచి వచ్చిన కగెటోరా, వారసత్వం కోసం యుద్ధానికి దిగారు, కగెకాత్సు గెలిచాడు. ఆ తరువాత యొనెజావాకు తరలిన ఈ ఇంటి ప్రభువు 1664లో వారసుణ్ణి నిర్ణయించకుండానే హఠాత్తుగా చనిపోయాడు. హడావుడిగా కిరా యోషినాకా కొడుకును దత్తత తెచ్చి పేరు నిలిపారు గాని, మూడు లక్షల కొకుల సంస్థానం లక్షా యాభై వేలకు తగ్గిపోయింది. ఒక కొకు అంటే ఒక మనిషికి సుమారు ఏడాదికి సరిపోయే బియ్యం. ప్రభువును కోల్పోయిన యోధులైన నలభై ఏడుగురు రోనిన్‌లు పగ తీర్చుకున్నది ఈ కిరా మీదనే. 1767లో మరో దత్తుడు, అకిజుకి ఇంట పుట్టిన హరునోరి, ప్రభువై, అప్పుల్లో మునిగిన ఆ సంస్థానాన్ని పొదుపుతో, నేతపనితో, సాగు పెంచి ఒడ్డున పడేశాడు. నా దృష్టిలో కెన్షిన్ గెలిచిన యుద్ధాలకన్నా ఇదే ఆ వంశపు గొప్ప ఘట్టం, కాని గేముల్లో దీనికి చోటు దొరకదు.

ఇక నిష్ఠ సంగతి. తెరమీద చూపేది పూర్తిగా కల్పన కాదు. 1600లో ఫుషిమి కోటను సుమారు 1,800 మందితో కాచిన టొరీ మొటొటాడా, గెలవలేనని తెలిసి కూడా, తన ప్రభువు టొకుగావా ఇయెయాసుకు వ్యవధి దొరకాలని చివరిదాకా పోరాడి మరణించాడు. మీరు చూసిన సీరీస్‌లోని టొరనాగా పాత్రకు ఈ ఇయెయాసే మూలం. అదే ఏడాది సెకిగహారా యుద్ధంలో ఇయెయాసు ప్రత్యర్థి ఇషిదా మిత్సునారి పక్షాన కొండమీద మోహరించిన కొబయకావా హిదెయాకి, పోరు మధ్యలో ఇయెయాసు వైపు తిరగడంతో ఫలితం తేలిపోయింది. సనాడా ఇంట తండ్రి మసయుకి, చిన్నకొడుకు యుకిమురా ఒక పక్షాన, పెద్దకొడుకు నొబుయుకి ఎదుటి పక్షాన నిలిచారు. ఎవరు గెలిచినా ఇల్లు మిగిలేది. యుకిమురా 1615లో ఒసాకాలో నేలకొరిగి నాటకాలకూ గేములకూ వీరుడయ్యాడు. మత్సుషిరో సంస్థానాధిపతిగా ఆ పేరును సంస్థానాలు రద్దయిన మెయిజీ కాలందాకా నిలబెట్టిన శాఖ మాత్రం నొబుయుకిది. అతణ్ణి తలచేవారు తక్కువ కావడం నాకు అన్యాయమనిపిస్తుంది.

యుద్ధకాలంలో కొలువు అంటే భూమికీ సేవకూ మధ్య ఒప్పందం. రక్షించలేని ప్రభువును విడిచిపెట్టడం అప్పట్లో తరచు జరిగేది. 1615 తరువాత దేశంలో శాంతి నెలకొని, సమురాయ్‌లు కోట పట్టణాల్లో బియ్యపు జీతం మీద బతికే ఉద్యోగులయ్యాక, మరో ప్రభువు దగ్గరికి వెళ్ళే దారి దాదాపు మూసుకుపోయింది. నిష్ఠ పాఠంగా బోధించే ధర్మంగా గట్టిపడింది అప్పుడే. సినిమాలు ఆ పాఠాన్ని వెనక్కు జరిపి యుద్ధకాలపు యోధులకు అంటగడతాయి.

ప్రశ్న: సమురాయ్ జెండాల మీద కనిపించే వంశచిహ్నాలకు అర్థాలుంటాయా?
– ఒక విద్యార్థి, కోరమంగల, బెంగళూరు

జవాబు: కొన్నింటికి ఉన్నాయి. సనాడా వారి గుర్తు ఆరు నాణేలు. చనిపోయినవారు దాటవలసిన సన్జు నదికి, మన వైతరణి వంటిదానికి, అది రేవు రుసుము. చావుకు సిద్ధపడే వచ్చామని దాని భావం. టొకుగావా వారిది మూడు ఆకుల చిహ్నం. మీ ఊళ్ళో లిఫ్టుల మీదా ఏసీల మీదా కనిపించే మిత్సుబిషి గుర్తుకు కూడా ఇలాంటి పుట్టుకే ఉంది. టోసా సంస్థానాన్ని ఏలిన యమనోఉచి వారి మూడు ఓక్ ఆకులనూ, స్థాపకుడు ఇవసాకి యతారో ఇంటి వజ్రాకారపు చిహ్నాన్నీ కలిపి దానిని తయారుచేశారు.