చిన్న ఊరికి బస్సు వేయాలంటే ఎంత జనాభా ఉండాలి?

మా ఊరి జనాభా అధికారికంగా ఎంతో ఎక్కడ చూడాలి, ఆరేడు వందల మంది ఉన్న ఊరికి బస్సు వేస్తారా అని అడిగారు. ఇదే పని మీద కొన్నాళ్లు తిరిగినవాణ్ణి కాబట్టి మాకు జరిగింది చెప్తాను.

జనాభాకు ఇప్పటికీ ఆధారం 2011 లెక్కలే. 2021లో జరగాల్సినవి వాయిదా పడ్డాయి. జనగణన వెబ్‌సైటులో డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్ అని జిల్లాకొకటి దొరుకుతుంది. పాత జిల్లా పేరుతో వెతకండి. మాది ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా, పుస్తకంలో మాత్రం మహబూబ్‌నగర్. ఈ సంగతి తట్టక నేను రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

అందులో ప్రతి ఊరికీ బడి, ఆస్పత్రి, బస్సు ఉన్నాయో లేవో ఉంటుంది. లేకపోతే ఎంత దూరంలో ఉందో అక్షరంతో చెప్తారు: ఏ అంటే 5 కిలోమీటర్ల లోపు, బీ అంటే 5 నుంచి 10, సీ అంటే 10 పైన. మా ఊరికి బస్సు ఉన్నట్టే రాశారు. అబద్ధమేం కాదు, అప్పట్లో నైట్ హాల్ట్ బస్సు వచ్చేది. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చి పంచాయతీ ఆఫీసు ముందు ఆగేది, పొద్దున ఆరింటికి బయల్దేరేది. డ్రైవర్, కండక్టర్లకు ఎవరో ఒకరింటి నుంచి జొన్నరొట్టెలు వెళ్లేవి. కరోనా లాక్‌డౌన్‌లో ఆగిన ఆ బస్సు మళ్లీ రాలేదు. పుస్తకంలో మాత్రం ఇంకా వస్తూనే ఉంది.

ఇంకో మాట. ఆ పుస్తకంలోది రెవెన్యూ గ్రామం లెక్క. మా ఊరి అంకెలో రెండు తండాలు కూడా కలిసే ఉన్నాయి. రోడ్డు కోసం అడిగేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రెవెన్యూ గ్రామాన్ని కాదు, ఆవాసాన్ని, అంటే విడిగా ఉన్న ఒక్కో ఊరిని లేదా తండాను చూస్తుంది. మైదానంలో అయితే 500 మంది, కొండ ప్రాంతాల్లో, షెడ్యూల్డ్ ఏరియాల్లో 250 మంది ఉండాలి. 2024లో ఆమోదించిన నాలుగో దశకు కూడా 2011 జనాభానే ప్రాతిపదిక.

బస్సుకు మాత్రం ఇంతమంది ఉండాలని మాకెవరూ చెప్పలేదు. సర్పంచ్‌తో కలిసి నలుగురం డిపోకు వెళ్తే జనాభా ఊసే రాలేదు. బస్సు తిప్పుకోవడానికి చోటుందా, పొద్దున ఎంతమంది ఎక్కుతారు, సాయంత్రం ఎంతమంది దిగుతారు, ఇవే అడిగారు. మేం పట్టుకెళ్లిన దరఖాస్తులో ఊరి కష్టాలు రెండు పేజీలున్నాయి గానీ ఇవి లేవు. వెనక్కి వచ్చి ఇల్లిల్లూ తిరిగి, బడికీ కాలేజీకీ వెళ్లే పిల్లల జాబితా టైములతో సహా రాశాం. నలభై పైనే తేలారు. రోడ్డుకు రెండు వైపులా అల్లుకున్న సర్కారు తుమ్మ కంపను చందా వేసుకుని జేసీబీతో తీయించాం. జాబితా ఇచ్చిన మూడో నెలలో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, రెండు ట్రిప్పులు వేశారు.

అంతకుముందు స్టేజీ దాకా నాలుగు కిలోమీటర్లు ఆటోనే దిక్కు. అదీ నిండితే గానీ కదలదు. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు మా అమ్మ "ఫ్రీ బస్సు ఎక్కడానికి ఆటోకు ఇరవై ఇయ్యాలె" అనేది. ఇప్పుడు ఆ బాధ తగ్గింది. ఆదివారాలు, బడి సెలవుల్లో బస్సు రాదు కాబట్టి పూర్తిగా పోలేదు.

మీ పాత జిల్లా, మండలం రాయండి, ఏ పుస్తకంలో చూడాలో చెప్తాను. డిపోకు మాత్రం ముందు పిల్లల జాబితా పట్టుకెళ్లండి, జనాభా కాగితం తర్వాత.