‘క్షమాభిక్ష’లో భిక్ష

సందేహం: ఉరిశిక్ష పడినవారు రాష్ట్రపతికి పెట్టుకొనే విన్నపాన్ని పత్రికలు ‘క్షమాభిక్ష పిటిషన్’ అంటున్నాయి. రాజ్యాంగం కల్పించిన అవకాశాన్ని భిక్ష అనడం సబబేనా? గవర్నరు విషయంలోనూ ఇదే మాట వాడవచ్చా? ఉరిశిక్ష, మరణశిక్ష ఒకటేనా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: చివరి ప్రశ్నకు ఒక్క వాక్యం చాలు. మరణశిక్ష శిక్ష పేరు, ఉరి దాని అమలు పద్ధతి. సైనిక చట్టంలో కాల్చి చంపడమూ ఉంది గనుక రెండూ అన్నిచోట్లా ఒకటి కావు.

ఇక భిక్ష. ‘ఫలానా నాయకుడు నాకు రాజకీయ భిక్ష పెట్టాడు’ అని వేదికలెక్కి మురిసిపోయే కాలంలో ఈ మాట మీకు ఎబ్బెట్టుగా తోచడం సహజమే. ‘భిక్ష్’ అనేది ‘భజ్’ ధాతువు ఇచ్ఛార్థక రూపమని, అంటే ఆ పని చేయాలని కోరుకోవడాన్ని చెప్పే రూపమని, భాషాచరిత్రకారులు చెబుతారు. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం దాన్ని విడిగానే చదివింది కాబట్టి సంప్రదాయ వైయాకరణులు తల అడ్డంగా ఊపవచ్చు. భజ్ అంటే పంచుట, పాలు (వాటా) పొందుట. భాగం, విభజన, భక్తి, చివరకు మా కొండమీది భగవంతుడు కూడా ఆ ఇంటివారే. ఆ లెక్కన భిక్ష అంటే తన పాలు కోరుకోవడం. పోతన వామనుణ్ణి చూడండి. ‘ఒంటివాఁడ నాకు నొకటి రెం డడుగుల మేర యిమ్ము, సొమ్ము మేర యొల్ల’ అన్న ఆ వటువు గొంతులో దేబిరింపు ఏ కోశాన ఉంది? అతడు అడిగినది దేవతలు పోగొట్టుకొన్న లోకాలనే కదా!

న్యాయస్థానమూ ఇంచుమించు ఇదే దారిలో నడిచింది. 2014 జనవరిలో సుప్రీంకోర్టు పదిహేనుమంది మరణశిక్షను యావజ్జీవంగా మారుస్తూ, క్షమ కోరడం రాజ్యాంగపరమైన హక్కనీ, ఆ విన్నపాన్ని అకారణంగా ఏళ్ల తరబడి నాన్చడం హింసతో సమానమనీ చెప్పింది. ఇందులో రాష్ట్రానికీ పాలుంది: రాష్ట్రపతికి 72వ అధికరణం ఉన్నట్టే గవర్నరుకు 161వది ఉంది, దాన్ని మంత్రిమండలి సలహా మేరకే వాడాలి. రాజీవ్ గాంధీ హత్య కేసులో, ఉరి అప్పటికే యావజ్జీవంగా మారిన ఒక దోషి విడుదలకు తమిళనాడు మంత్రిమండలి 2018లో సిఫార్సు చేస్తే, గవర్నరు దాన్ని రాష్ట్రపతికి పంపడాన్ని 2022లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

కాబట్టి గవర్నరు విషయంలోనూ మాట చెల్లుతుంది. అయితే ఉరిని యావజ్జీవంగా మార్చడం శిక్ష మార్పే. దాన్ని కూడా క్షమ అని రాసేయడం మన విలేకరుల తొందర. ‘క్షమాభిక్ష ప్రసాదించారు’ అన్న వాక్యం మరీ దారుణం. ప్రసాదించే పని తిరుమలలో ఒకరు చూసుకొంటున్నారు. పొరుగున వేలూరులో తమిళులు ‘కరుణై మను’ అంటారు. నేనైతే ‘క్షమాభ్యర్థన’ అని రాస్తాను. క్షమాభిక్ష అన్నవారిని తప్పుపట్టను గానీ, ఆ మాట వాడే ప్రతివారికీ వామనుడు గుర్తుంటాడని హామీ ఇవ్వలేను.