ఊపిరి లెక్క ఊహించి రాయకు

బిడ్డా,

సోమవారం నుంచి వార్డులో డ్యూటీ అని అక్క ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లో ఇంకో స్టాఫ్ నర్సు! సంతోషం పట్టలేకపోయాను. రాత్రిపూట అంతమంది రోగుల మధ్య ఒక్కదానివే ఉంటావేమోనని ఆ వెంటనే భయమూ పట్టుకుంది.

జ్వరం చూడటం నీకు చెప్పక్కర్లేదు. నోట్లో పెట్టేముందు చాయ్ తాగారేమో అడుగు, తాగితే ఇరవై నిమిషాలు ఆగు. చంకలో చూస్తే ఆ మాటే చార్టులో రాయి. పల్స్ లయ తప్పుతుంటే పూర్తి నిమిషం లెక్కపెట్టు.

నా భయమంతా చార్టులో నిమిషానికి ఎన్ని శ్వాసలో రాసే ఊపిరి గడి గురించే. చాలా చార్టుల్లో అందరికీ 18, 20, మళ్లీ 18. అది లెక్కపెట్టి వేసిన అంకె కాదు. పెద్దవాళ్లకి 12 నుంచి 20 మామూలే కాబట్టి ఎవరూ అడగరు. కానీ న్యుమోనియాలో, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే సెప్సిస్‌లో చాలాసార్లు ముందు కదిలేది ఆ అంకే. ఆక్సిజన్ తగ్గినా, రక్తంలో ఆమ్లం పెరిగినా ఒళ్లు ఊపిరి వేగం పెంచి సర్దుకుంటుంది. సర్దుకున్నంతసేపూ బీపీ బాగుంటుంది, వేలికి పెట్టిన ఆక్సిజన్ మిషన్ 96 చూపిస్తుంది. ఆక్సిజన్ మాస్కు మీదున్న రోగికైతే ఆ 96ని అసలు నమ్ముకోకు. 22, 26, 30 అని ఎక్కాల్సిన వరుస 18 కింద దాగిపోతే, తెల్లారి రౌండ్స్‌కొచ్చిన డాక్టరుకి రాత్రంతా ప్రశాంతంగా గడిచినట్టే ఉంటుంది. అలా మాత్రం చెయ్యకు, నీకు దణ్ణం పెడతా.

పల్స్ అయ్యాక మణికట్టు వదలకుండా ఛాతీ చూడు. ఊపిరి చూస్తున్నానని చెప్పకు, చెబితే వాళ్లకి తెలియకుండానే మారిపోతుంది. ఎగసి దిగితే ఒకటి. దుప్పటి, బురఖా మీదుగా కదలిక తెలియకపోతే వాళ్ల చేతినే పొట్ట మీద ఆనించి పట్టుకో, నీ వేళ్లకి తెలుస్తుంది. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయకు: ఒక్క శ్వాస తప్పితే నాలుగు తేడా. పూర్తి 60 సెకన్లు. పిల్లల లెక్క వేరు: రెండు నెలల్లోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40కి చేరితే వేగమే. పెద్దవాళ్లకి 25కి చేరినా, 8కి పడినా డ్యూటీ డాక్టర్ని లేపు. విసుక్కుంటే విసుక్కోనీ.

1888, 89లలో మన హైదరాబాద్‌లోనే సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపిన క్లోరోఫాం (అప్పటి మత్తుమందు) కమిషన్లు, మత్తిచ్చేటప్పుడు ఊపిరి మీదే కన్నుంచాలని చెప్పాయి. గుండెకి ముప్పు లేదన్నంతగా వాళ్లు తేల్చింది తర్వాత నిలవలేదు, కాబట్టి పల్సూ వదలకు. ఊపిరి మీద కన్నుంచమన్నది మాత్రం ఇవాళ్టికీ నిజమే.

బీపీకి ఐదు నిమిషాలు కూర్చోబెట్టు. వీపుకి ఆసరా, చెయ్యి గుండె ఎత్తులో. లావు చేతికి చిన్న కఫ్ (గాలి నింపే పట్టీ) కడితే లేని బీపీ కనిపిస్తుంది, వేలాడే చేతికీ అంతే. డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి కఫ్ కట్టనే కట్టకు. మణికట్టు పల్స్ ఆగినచోటి నుంచి ఇంకో 30 ఎక్కించి, సెకనుకి రెండు మూడు చొప్పున దింపు. బీపీ పడిపోయేదాకా చూద్దామనుకోకు: రక్తం పోతున్న మనిషికి సాధారణంగా ముందు పల్సే పెరుగుతుంది. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు వేసుకునే ముసలివాళ్లకి అదీ పెరగకపోవచ్చు, మందుల చీటీ చూసుకో.

పెళ్లిళ్ల రోజుల్లో మెహందీ చేతులు వస్తాయి. చిక్కటి మెహందీకి, నెయిల్ పాలిష్‌కి, చల్లబడ్డ వేళ్లకి ఆక్సిజన్ అంకె తప్పొచ్చు. వేలు మార్చి, కాస్త వెచ్చబరిచి, మళ్లీ చూడు.

సెకన్ల ముల్లున్న వాచీ అక్క చేతికిచ్చి పంపుతున్నాను. ఫోన్‌లో టైము చూస్తూ రోగి ఛాతీ చూడలేవు. నైట్‌కి తినకుండా వెళ్లకు తల్లీ.

నీ చిన్నమ్మ