పేలను చూసి జంతువుల చరిత్ర, భూగోళం చెప్పవచ్చా?

మీరు అడిగినవి రెండు. ఒక జంతువు మీద బతికే పరాన్నజీవిని బట్టి ఆ జంతువు వంశం, అది ఎక్కడెక్కడ తిరిగిందీ చెప్పవచ్చా అన్నది మొదటిది. ఎమ్మెస్సీ జువాలజీ చదువుతూ ఈ పనిని ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది రెండోది. అమెరికాలో పీహెచ్‌డీ చేసినన్నాళ్ళూ నాకు పక్షుల పేలతోనే పని. ఇప్పుడు పిల్లలకు పాఠం చెప్పేటప్పుడూ ఈ విషయం వచ్చిందంటే నేను ఆగను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

చెప్పవచ్చు. అయితే ఆ పరాన్నజీవి ఒక ఒంటి మీంచి మరో ఒంటి మీదకు ఎలా వెళ్తుందో ముందు తెలుసుకోవాలి. చాలామంది ఆ ఒక్కటీ వదిలేసి నేరుగా వంశవృక్షాలు గీయడానికి కూర్చుంటారు.

ఆలోచన పాతదే. ఆఫ్రికాలో ఉండే ఉష్ట్రపక్షి మీదా, దక్షిణ అమెరికాలో ఉండే రియా పక్షి మీదా దగ్గరి చుట్టాలైన పేలు ఉన్నాయని స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన వెర్నన్ కెలాగ్ 20వ శతాబ్దం తొలినాళ్ళలోనే ఎత్తిచూపాడు. మధ్యలో మహాసముద్రం ఉంది, రెండూ ఎగరలేని పక్షులు. ఖండాలు కదులుతాయన్న మాటను శాస్త్రవేత్తలు ఇంకా ఒప్పుకోని కాలం అది. 1913లో జర్మనీలో ఫారెన్‌హోల్జ్ ఇంకో అడుగు ముందుకు వేసి, పరాన్నజీవుల వంశవృక్షం ఆతిథేయిల (అవి బతికే జంతువుల) వంశవృక్షాన్ని పోలి ఉంటుందన్నాడు. ఆ మాటను గట్టిగా పరీక్షించడానికి డీఎన్ఏ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఆ పరీక్షకు లూజియానా స్టేట్ యూనివర్సిటీలో మార్క్ హాఫ్‌నర్ ఎంచుకున్న జంతువు పాకెట్ గోఫర్ అనే ఎలుక లాంటి జంతువు. ఉత్తర, మధ్య అమెరికాల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. నేలలో బొరియలు తవ్వుకుని, ఒక్కో బొరియలో ఒక్కటే ఉంటుంది. మెత్తటి నేల ఉన్నచోటల్లా చిన్న చిన్న గుంపులుగా విడిపోయి ఉంటాయి, రెండు జాతులు ఒకేచోట కలిసి కనిపించడం అరుదు. వీటి బొచ్చులో ఉండే పేలకు రెక్కలు లేవు, కళ్ళు ఉన్నా లేనట్టే. గుడ్డు నుంచి చావు దాకా ఆ ఒంటి మీదే బతుకు. కొత్త ఒంటి మీదకు చేరాలంటే తల్లి దగ్గర పిల్లలు ఉన్నప్పుడో, ఆడా మగా కలిసినప్పుడో చేరాలి. ఇంతకన్నా బయటికి దారి లేని పరాన్నజీవిని వెతికి పట్టుకోవడం కష్టం.

1988లో హాఫ్‌నర్, స్టీవెన్ నాడ్లర్ కలిసి ప్రోటీన్ల ఆధారంగా, తర్వాత 1994లో ఇంకొందరితో కలిసి డీఎన్ఏ ఆధారంగా రెండు వంశవృక్షాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. చాలాచోట్ల కొమ్మకు కొమ్మ సరిపోయింది. గోఫర్ జాతి రెండుగా చీలినప్పుడు దాని పేను కూడా చీలిందన్నమాట. నాకు అంతకన్నా నచ్చిన విషయం ఇంకొకటుంది. అదే కాలంలో, అదే జన్యువులో, పేల డీఎన్ఏ గోఫర్ డీఎన్ఏ కంటే చాలా వేగంగా మారింది. గోఫర్‌కు ఒక తరం అంటే సుమారు ఏడాది, పేనుకు సుమారు 40 రోజులు. ఆ తేడాకు ఇది ఒక కారణమని వాళ్ళ వాదన.

పేను తల మీద ఒక గాడి ఉంటుంది, దానితో వెంట్రుకను పట్టుకుంటుంది. వెంట్రుక మందానికీ ఆ గాడి వెడల్పుకూ పొంతన ఉందని కూడా అదే బృందం చూపించింది. కాబట్టి దారి దొరికినా అన్ని ఒళ్ళూ అన్ని పేలకూ పనికిరావు.

ఇక పావురాల దగ్గరికి వద్దాం. ఇది నేను నా చేతులతో చూసిన విషయం. పక్షి ఈకల్లోకి పైరెత్రమ్ అనే పురుగుమందు పొడి రుద్ది, తెల్లకాగితం మీద దులుపుతాం. రాలిన పేలలో రెండు రకాలు కనిపిస్తాయి. రెక్క ఈకల సందుల్లో ఇమిడిపోయే సన్నటి పొడుగు పేలు ఒక రకం, ఒంటి నూగులో ఉండే గుండ్రటి పేలు ఇంకో రకం. పావురాల రక్తం తాగే చదునైన ఒక ఈగ ఉంది. దాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే, కాలిని పట్టుకుని వేలాడుతున్న పేను కనపడింది. అది రెక్క పేనే. అంటే ఒక పావురం మీంచి మరోదాని మీదకు వెళ్ళడానికి దీనికి బండి దొరికింది! ఒంటి పేలకు ఈ సవారీ దాదాపు చేతకాదు.

యూటా యూనివర్సిటీలో డేల్ క్లేటన్, ఇల్లినాయ్‌లో కెవిన్ జాన్సన్ ఈ రెండు రకాలనూ పోల్చారు. ఒంటి పేల వంశవృక్షం పావురాల వంశవృక్షంతో బాగా సరిపోయింది, రెక్క పేలది సరిపోలేదు. ఒకే పక్షి, రెండు పేలు, రెండు వేర్వేరు చరిత్రలు. మీ గైడ్ ఎవరైనా సరే, ఈ ఉదాహరణ ముందు పెట్టుకుని మాట్లాడండి.

యూటాలోనే జరిగి 2019లో వచ్చిన ఇంకో ప్రయోగం ఉంది. మామూలు పావురాల పేలను చాలా పెద్ద సైజు పెంపుడు పావురాల మీద వదిలి నాలుగేళ్ళు, అంటే సుమారు 60 తరాలు, గమనించారు. ఆ పేలు పెద్దవయ్యాయి. చివరికి చిన్న పావురాల పేలతో జత కట్టడానికి కూడా సైజు కుదరలేదు. కొత్త జాతి పుట్టడానికి తొలి మెట్టు ఇలా కళ్ళ ముందు కనపడటం అపురూపం.

సరిపోకపోవడం కూడా సాక్ష్యమే, దాన్ని పారేయకండి. మనుషుల జననాంగాల దగ్గర ఉండే పేనుకు దగ్గరి చుట్టం గొరిల్లా పేను. అవి విడిపోయింది సుమారు 30 నుంచి 40 లక్షల ఏళ్ళ కిందట, కానీ మనుషుల, గొరిల్లాల వంశాలు విడిపోయింది అంతకన్నా చాలా ముందు. అంటే మన పూర్వీకులకు గొరిల్లాలతోనో, అవి పడుకున్న చోట్లతోనో ఏదో ఒక దగ్గరితనం ఉండి ఉండాలి. ఏ శిలాజమూ ఈ సంగతి చెప్పలేదు. ఫ్లోరిడాలో డేవిడ్ రీడ్ బృందం తేల్చిన విషయమిది. రీడ్ హాఫ్‌నర్ దగ్గర చదువుకున్నవాడే. బట్టల మీద ఉండే పేను తలపేను నుంచి ఎప్పుడు వేరుపడిందో లెక్కకట్టి, మనిషి బట్టలు వేసుకోవడం 1,70,000 ఏళ్ళ కిందటే మొదలై ఉండవచ్చని ఆ బృందమే 2011లో అంది. పెరూలో దొరికిన వెయ్యేళ్ళ నాటి మమ్మీల జుట్టులోని పేలను బట్టి, కొలంబస్ కంటే ముందే అమెరికాకు మనుషులతో పాటు పేలు కూడా చేరాయని తెలిసింది.

ఇప్పుడు మీ పని సంగతి. అడవి పక్షులను పట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, అది రాకముందే మొదలుపెట్టడానికి నాటుకోళ్ళు చాలు. ఈక కాడల దగ్గర ఉండే పేను వేరు, చర్మాన్ని అంటుకుని ఉండేది వేరు, రెక్కల్లో ఉండేది వేరు. మూడింటినీ విడదీసి గుర్తుపట్టడం వస్తే సగం చదువు వచ్చినట్టే. డీఎన్ఏ కోసమైతే 95 శాతం ఆల్కహాల్‌లో వేయండి, స్లైడ్ కోసమైతే కాస్టిక్ పొటాష్‌లో పెట్టి పారదర్శకం చేయండి. ఒక పక్షిని దులిపాక కాగితం, చేతులు, బల్ల అన్నీ శుభ్రం చేశాకే రెండో పక్షిని తీయండి. లేకపోతే ఒకదాని పేను ఇంకోదాని లెక్కలో పడుతుంది, లేని వలస ఉన్నట్టు కనపడుతుంది. ఈ జాగ్రత్త విషయంలో నేను విద్యార్థులను కాస్త గట్టిగానే మందలిస్తాను. ప్రతి సీసాలో ఏ పక్షి, ఒంట్లో ఏ భాగం, ఏ ఊరు, ఏ తేదీ అన్న చీటీ ఉండాలి. ఊరి పేరు లేని నమూనా జంతుభూగోళానికి, అంటే ఏ జంతువు ఎక్కడిదో తేల్చే చదువుకు, ఎందుకూ పనికిరాదు. చీటీని పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.